‘ఏం లేదులే’ అంటే ఆ దోమలు పోవు

పోయిన సంచికలో శుక్లం ఆపరేషన్ గురించి రాస్తూ చివర్లో ఫ్లోటర్స్ మీద, అంటే కళ్ల ముందు తేలుతూ కనిపించే మచ్చల మీద, మనవాళ్లు దోమలనేవాటి మీద, రెండు ముక్కలు కలిపాను, "చాలామందికి ఉండేవే, కంగారు పడక్కర్లేదు" అని. ఈ శీర్షిక మొదలెట్టాక ఇంకే విషయానికీ ఇన్ని ఉత్తరాలు రాలేదు. కొందరు భయపడి రాశారు, కొందరు కోప్పడి రాశారు. కోప్పడినవాళ్ల మాటలో న్యాయం ఉంది. అందుకే ఈసారి చోటంతా దీనికే.

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 26. విజయవాడలో రూమ్ తీసుకుని గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్నాను. చిన్నప్పటి నుంచీ కళ్లజోడు ఉంది, ఇప్పుడు పవర్ మైనస్ ఆరు. ఎనిమిది నెలల కిందట కుడి కంట్లో దారపు పోగు లాంటిది కనపడటం మొదలైంది, దాని చివర చిన్న ముడి. పుస్తకం తెరిస్తే తెల్ల కాగితం మీద అదే, ఫోన్ చూస్తే అదే, ఆకాశం వైపు చూస్తే ఇంకో నాలుగు. ముగ్గురు డాక్టర్లకి చూపించాను. ముగ్గురూ "కన్ను బ్రహ్మాండంగా ఉంది, ఏం లేదు, అలవాటు చేసుకో" అన్నారు. ఏమీ లేకపోతే నాకు కనిపిస్తున్నది ఏమిటి? టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టటం లేదు. జీవితాంతం ఇంతేనా?
— పేరు వద్దన్న పాఠకుడు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: తమ్ముడూ, నీకు కనిపిస్తున్నది నిజంగా ఉంది. నీ కంట్లోనే ఉంది. ఈ మాట ఆ ముగ్గురిలో ఒక్కరైనా చెప్పి ఉంటే నీకు సగం నిద్ర పట్టేది.

కంటిగుడ్డులో ముందున్న లెన్సుకీ వెనకున్న రెటీనా అనే చూపు పొరకీ మధ్య జాగా అంతా ఒక పారదర్శకమైన జెల్లీ నిండి ఉంటుంది. విట్రియస్ అంటాం. మొత్తం కలిపి నాలుగు మిల్లీలీటర్లు, టీ చెంచాడు కూడా కాదు. అందులో 98 శాతం పైగా నీరే. ఆ నీటిని జెల్లీలా నిలబెట్టేవి కంటికి కనపడనంత సన్నటి కొల్లాజెన్ పోగులు, హైలురానిక్ ఆసిడ్ అనే పదార్థం. మీ అమ్మగారు తోడుపెట్టిన గడ్డపెరుగు మర్నాటికి ఒక పక్క నీరు వదలటం చూసే ఉంటావు. కంట్లో జెల్లీ కూడా ఏళ్లు గడిచేకొద్దీ అలాగే నీరు వదులుతుంది, అప్పటిదాకా విడివిడిగా ఉన్న పోగులు ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయి, వెలుతురు పడినప్పుడు ఆ ఉండల నీడ రెటీనా మీద పడుతుంది. నువ్వు చూస్తున్నది ఆ నీడనే. కన్ను తిప్పితే జెల్లీ ఊగుతుంది కాబట్టి నీడ కూడా పరిగెడుతుంది, నువ్వు చూపు ఆపేశాక కూడా అది ఇంకాస్త జారి ఆగుతుంది, సరిగ్గా చూద్దామనుకుంటే పక్కకి తప్పుకుంటుంది. మామూలుగా ఇది యాభై దాటాక వచ్చే వ్యవహారం. మైనస్ పవర్ ఎక్కువ ఉన్నవాళ్ల కంటిగుడ్డు పొడుగ్గా ఉంటుంది, వాళ్లకి జెల్లీ తొందరగా పలచబడి ఇరవైల్లోనే మొదలవుతుంది. ఎండలో, తెల్లటి వెలుతురులో కంటిపాప చిన్నదవుతుంది, దాంతో నీడ అంచులు తేటపడతాయి. మన మే నెల ఎండలో రోడ్డు మీదకి వస్తే దోమల గుంపు కనపడి, గదిలోకి రాగానే తగ్గేది ఇందుకే.

మరి ముగ్గురూ ఏం లేదని ఎందుకన్నారు? వాళ్లు వెతికింది చిరుగు కోసం, రక్తం కోసం, వాపు కోసం. అవి లేవు, అది మంచి కబురే. కానీ ప్రమాదం లేకపోవటం వేరు, బాధ లేకపోవటం వేరు. గోడ మీద బోర్డు పెట్టి అక్షరాలు చదివిస్తాం కదా, తెల్లటి బోర్డు మీద కారునలుపు అక్షరాలు, అవి చదవటానికి నీ ఫ్లోటర్ పెద్దగా అడ్డం రాదు, కన్ను కాస్త కదిపితే అది పక్కకి పోతుంది, నువ్వు చివరి గీత కూడా చదివేస్తావు, మేం 6/6 అని, అంటే చూపు పూర్తిగా ఉందని, రాసేస్తాం. అసలు దెబ్బ తగిలేది కాంట్రాస్ట్‌కి, అంటే మసక వెలుతురులో మెట్టు అంచు, బూడిద రంగు రోడ్డు మీద బూడిద రంగు గుంట, పలచటి ఇంకుతో అచ్చేసిన కోచింగ్ మెటీరియల్. కాంట్రాస్ట్ కొలిచే పెల్లి-రాబ్సన్ చార్టు 1988 నుంచీ ఉంది. కాలిఫోర్నియాలో జెరీ సెబాగ్ అనే డాక్టరు, ఆయన బృందం ఫ్లోటర్స్‌తో బాగా బాధపడేవాళ్లకి కాంట్రాస్ట్ పరీక్షలు చేసి, వాళ్ల చూపు నిజంగానే తగ్గిందని చూపించారు. మన దగ్గర ఎన్ని క్లినిక్‌లలో ఆ చార్టు గోడకెక్కింది?

ఇంకో సంగతి. ఆస్టరాయిడ్ హయలోసిస్ అని ఒకటుంది. ఆ పేషంటు కంట్లోకి మైక్రోస్కోపుతో చూస్తే చీకటి రాత్రి నక్షత్రాల్లా వందల కొద్దీ మెరిసే రేణువులు, మా జూనియర్లు చూసి నోరు తెరుస్తారు. పేషంటుని అడిగితే చాలాసార్లు "నాకేం కనపట్లేదే" అంటారు. నీలాంటి కుర్రవాడికి రెటీనాకి ఆనుకుని ఒక్క పోగు ఉంటే చాలు, మాకు ఆ మైక్రోస్కోపులో కూడా దొరకదు గానీ నీకు రోజంతా కనిపిస్తూనే ఉంటుంది. అంటే డాక్టరుకి ఎంత కనపడిందన్న దాన్ని బట్టి పేషంటు బాధని కొలవకూడదు.

నేను ఇరవై ఏళ్లకి పైగా పేషంట్లకి "అలవాటు చేసుకోండి" అనే చెప్పాను. మూడేళ్ల కిందట ఒక ఉదయం ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తుంటే నీళ్ల మీద ఎండ తళుక్కుమంది, ఎడమ కంటి ముందు ఈగ వాలినట్టయింది. చేత్తో తోలాను. పోలేదు. మళ్లీ తోలాను. అప్పుడు అర్థమైంది. జెల్లీ రెటీనా నుంచి ఊడివచ్చేటప్పుడు, కంటి నరం చుట్టూ అతుక్కున్న భాగం గుండ్రంగా రింగులా వస్తుంది, వైస్ రింగ్ అంటాం, పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు ఎన్నోసార్లు బోర్డు మీద గీశాను. నాది సరిగ్గా గుండ్రంగా కూడా లేదు, ఒక పక్క తెగిన గాజు ముక్కలా ఉంది. ఆ రోజే తోటి డాక్టరు చేత చూపించుకున్నాను, చిరుగు లేదు. అయినా ఆ మొదటి రెండు నెలలూ పేపరు చదువుతుంటే ప్రతి లైను మీదా అది వచ్చి వాలేది, కుట్టు వేస్తుంటే సూది మొన దగ్గరికి వచ్చేది. నేను పేషంట్లకి చెప్పిన మాట ఎంత తేలికైనదో అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఆ రింగు కాస్త ముందుకీ కిందకీ జరిగింది, రోజులో నాలుగైదుసార్లే గుర్తొస్తుంది. నీకూ అలా తగ్గే అవకాశం బాగా ఉంది, మెదడు నెమ్మదిగా ఆ నీడని పక్కన పెట్టటం నేర్చుకుంటుంది. నెలలు పడుతుంది, కొందరికి ఏడాది పైనే.

ఈలోగా ఫోన్‌లో డార్క్ మోడ్ పెట్టుకో, బ్రైట్‌నెస్ తగ్గించు. చదువుకునే బల్ల కిటికీకి ఎదురుగా వద్దు, వెలుతురు పక్క నుంచి పడాలి. బయటికి వెళ్తే చలువ కళ్లద్దాలు, పవర్‌తో చేయించుకోవచ్చు. కన్ను మూసి తెరిచి అది ఉందా పోయిందా అని పరీక్ష చేసుకునే అలవాటు మాత్రం ఇవాళే మానెయ్, మెదడు దాన్ని మర్చిపోనివ్వకుండా చేసేది అదే. నిద్ర పట్టటం లేదని రాశావు. ఈ బాధతో డిప్రెషన్‌లోకి వెళ్లిన కుర్రాళ్లని నేను చూశాను, కాబట్టి సిగ్గుపడకుండా 14416కి ఫోన్ చెయ్, అది టెలీ మానస్, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. నీ కంటి బాధ ఊహ అని నేను అనటం లేదు, నిజమైన బాధ కాబట్టే తోడు కావాలంటున్నాను.

ఒకటి మాత్రం తేల్చుకో. ఆ ముగ్గురిలో ఎవరైనా చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యేదాకా కూర్చోబెట్టి, రెటీనా అంచుల దాకా చూశారా? మైనస్ ఆరు అంటే అంచుల్లో రెటీనా పలచబడి ఉండొచ్చు, అది చూడకుండా ఎవరు ఏం లేదన్నా లెక్కలోకి రాదు. సూర్యారావుపేటలో రెటీనా డాక్టర్లకి కొదవ లేదు, తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ వారి ఆసుపత్రి ఉంది. ఒక్కసారి అంచులు చూపించుకుని, ఆ తర్వాత ఏడాదికోసారి చూపించుకో.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ టీచర్ని, వయసు 61. మూడు రోజుల నుంచి ఎడమ కంటి మూల మెరుపులు వస్తున్నాయి, చీకట్లో ఎక్కువ. నిన్నటి నుంచి పొయ్యి మీద మసి రాలినట్టు నల్ల చుక్కలు కుప్పగా కనిపిస్తున్నాయి. నొప్పి ఏమీ లేదు. మా అమ్మాయి హైదరాబాద్ నుంచి పండక్కి వస్తుంది, అప్పుడు తనతో వెళ్లి చూపించుకుందామనుకుంటున్నాను. ఆగవచ్చా?
— కొరిటెపాడు, గుంటూరు

జవాబు: ఆగకూడదు. ఈ ఉత్తరం తెరిచిన గంటలోనే పత్రిక ఆఫీసు నుంచి టీచర్ గారికి ఫోన్ చేయించాను. ఆ సాయంత్రమే గుంటూరులోనే చూపించుకున్నారు, రెటీనా పైభాగంలో గుర్రపు నాడా ఆకారంలో చిరుగు దొరికింది, దాని చుట్టూ లేజర్ వేశారు. ఇప్పుడు బాగున్నారు. ఆవిడ అనుమతితోనే ఇక్కడ వేస్తున్నాను, ఎందుకంటే ఇలా పండగ దాకా ఆగేవాళ్లు చాలామంది ఉంటారు.

జెల్లీ ఊడేటప్పుడు రెటీనాని లాగితే మెరుపులు కనిపిస్తాయి. గట్టిగా లాగితే రెటీనా చిరుగుతుంది. కొత్తగా మెరుపులూ మచ్చలూ మొదలై వచ్చినవాళ్లలో ఏడుగురిలో ఒకరికి దాకా చిరుగు ఉంటుంది. చిరుగు దగ్గరే పట్టుకుంటే పది నిమిషాల లేజర్‌తో పోతుంది. వదిలేస్తే ఆ చిరుగులోంచి నీరు వెనక్కి దూరి, గోడకి అంటించిన కాగితం ఊడినట్టు రెటీనా ఊడిపోతుంది, అప్పుడు పెద్ద ఆపరేషన్, చూపు పూర్తిగా వెనక్కి వస్తుందని ఎవరూ మాటివ్వలేరు. నొప్పి లేదు కదా అని ధైర్యం తెచ్చుకోకండి, రెటీనాకి నొప్పి తెలియదు. కాబట్టి ఉన్నట్టుండి చుక్కలు కుప్పగా రాలినా, మెరుపులు వచ్చినా, ఒక పక్క నుంచి తెర దించినట్టు నీడ కమ్మినా అదే రోజు వెళ్లాలి. ఆదివారమైనా సరే. మొదటిసారి చిరుగు లేదన్నా నెల, నెలన్నర లోపు ఇంకోసారి చూపించుకోవాలి, కొందరికి ఆలస్యంగా చిరుగుతుంది.

ప్రశ్న: నమస్తే మేడం. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం మాది. నాకు 57. రెండేళ్లుగా కుడి కంట్లో ఉంగరం లాంటి మచ్చ తిరుగుతోంది, కాయ రంగు చూసి ధర చెప్పాల్సిన పని నాది, తెల్లారి వెలుతురులో బస్తా విప్పి చూసేటప్పుడు సరిగ్గా అడ్డం వస్తుంది. లేజర్‌తో ఒక్క సిట్టింగ్‌లో పోతాయని వాట్సాప్‌లో ప్రకటన వచ్చింది. వెళ్లమంటారా?
— గుంటూరు

జవాబు: మీ పని గురించి రాసిన ఆ ఒక్క లైను మీ కేసు షీటు మీద ఉండాల్సిన లైను. పేషంటు ఏ పని చేస్తారో అడక్కుండా "చిన్నదే కదా" అనేస్తే ఎలా?

ఆ లేజర్ పేరు యాగ్. శుక్లం ఆపరేషన్ అయిన కొన్నాళ్లకి లెన్సు వెనక పొర మసకబారితే దాన్ని తెరవటానికి వాడేది ఇదే. దాంతోనే ఫ్లోటర్‌ని కొట్టి ముక్కలు చేయటమో, ఆవిరి చేయటమో చేస్తారు. అందరికీ పనికిరాదు. అమెరికాలో 52 మందితో ఒక పరీక్ష జరిగింది, ఫలితాలు 2017లో వచ్చాయి. అందరికీ మీలాంటి రింగే. కొందరికి అసలు లేజర్, కొందరికి ఉత్తుత్తి లేజర్ వేసి, ఎవరికి ఏది వేశారో చెప్పకుండా ఆరు నెలలు చూశారు. అసలు లేజర్ వేసినవాళ్లలో బాధ తగ్గింది సగటున 54 శాతం, ఉత్తుత్తి దాంట్లో 9 శాతం. కాబట్టి పనిచేయదని నేను అనను. కానీ 52 మందే, ఆరు నెలలే. ఒక్క సిట్టింగ్‌లో పూర్తిగా మాయమని ఎవరైనా ప్రకటన వేస్తే నమ్మకండి.

మీది రింగే అయితే, అది లెన్సుకీ రెటీనాకీ బాగా ఎడంగా మధ్యలో తేలుతుంటే, మీరు ఆలోచించొచ్చు. లెన్సుకి దగ్గరగా ఉంటే గురి కాస్త తప్పినా శుక్లం వస్తుంది, రెటీనాకి దగ్గరగా ఉంటే అక్కడ దెబ్బ తగులుతుంది, కంటి ప్రెషర్ పెరగటం కూడా ఉంది. వెళ్తే డాక్టర్ని సూటిగా అడగండి: నా మచ్చ రెటీనాకి ఎంత దూరంలో ఉంది, ఇప్పటికి ఎంతమందికి చేశారు, పోకపోతే తర్వాత ఏంటి? విసుక్కోకుండా చెప్పేవాళ్ల దగ్గరే చేయించుకోండి. పై ఉత్తరం రాసిన 26 ఏళ్ల కుర్రవాడికి మాత్రం ఈ లేజర్ వద్దనే చెబుతాను, ఆ వయసులో పోగులు రెటీనాకి ఆనుకుని ఉంటాయి.

ప్రశ్న: మా అత్తగారు ఉల్లిపాయ రసంలో తేనె కలిపి కంట్లో వేసుకుంటే దోమలు పోతాయంటున్నారు. మా తోడికోడలు రోజూ అనాసపండు తింటే కరుగుతాయని వీడియో చూపించింది. ఏది చేయమంటారు?
— ఒక గృహిణి, తెనాలి

జవాబు: అనాసపండు తినండమ్మా, షుగర్ లేకపోతే, రుచికి. మచ్చలు కరుగుతాయని మాత్రం కాదు. కంట్లో మాత్రం ఏ రసమూ వేయకండి. ఫ్లోటర్ ఉన్నది కంటిగుడ్డు లోపల, పైన వేసిన చుక్క అక్కడిదాకా పోనే పోదు, పైన నల్లగుడ్డుకి పుండు పడితే ఉన్న చూపు పోతుంది. అత్తగారితో గొడవ పెట్టుకోకుండా, డాక్టరమ్మ వద్దన్నదని నా పేరు చెప్పండి. మాత్రల మాట కూడా అడుగుతారు కాబట్టి చెప్పేస్తున్నాను: లైసిన్ అనే అమైనో ఆసిడ్, విటమిన్ సి, జింక్ లాంటివి కలిపిన మాత్రల మీద ఐర్లాండ్‌లో చిన్న పరీక్ష ఒకటి జరిగింది, 2021లో అచ్చయింది, కొంత ఊరట కనిపించింది. అంతమాత్రానికే నెలనెలా డబ్బు పోయమని నేను రాయను. కంటిపాపని కొద్దిగా పెద్దది చేసే పలచటి అట్రోపిన్ చుక్కలు కొందరు డాక్టర్లు రాస్తున్నారు, నీడ అంచులు మసకబారి కొందరికి హాయిగా ఉంటుంది, దగ్గర చూపు తేడా చేయొచ్చు, పోగు మాత్రం అక్కడే ఉంటుంది.

ప్రశ్న: లారీ డ్రైవర్ని, షుగర్ పన్నెండేళ్ల నుంచి. నిన్న పొద్దున లేచేసరికి కంట్లో పొగ లేచినట్టుంది, సాలెగూడులా నల్ల తీగలు. మీరు చెప్పే దోమలు ఇవేనా?
— ఇబ్రహీంపట్నం

జవాబు: కాదు బాబూ. షుగర్ ఉన్నవాళ్లకి ఉన్నట్టుండి పొగలా, తీగల్లా వస్తే కంట్లో రక్తం చిమ్మి ఉండొచ్చు. మీకూ ఫోన్ చేయించాం, దొరకలేదు. ఇది చదివితే ఇవాళే వెళ్లండి, వెళ్లేదాకా బండి ఎక్కకండి, బరువులు ఎత్తకండి, పడుకునేటప్పుడు తల కింద రెండు దిండ్లు పెట్టుకోండి.

ప్రశ్న: మేడం, నేను ఎనిమిదో తరగతి. నీలం ఆకాశం వైపు చూస్తే తెల్లటి మెరిసే చుక్కలు చీమల్లా గబగబా పరిగెడతాయి. నాకూ ఫ్లోటర్సా?
— మంగళగిరి

జవాబు: కాదు తల్లీ, నువ్వు చూస్తున్నది నీ రక్తాన్ని. రెటీనాలో ముందువైపు ఉన్న సన్నటి నాళాల్లో తెల్ల రక్తకణాలు పరిగెడుతుంటే నీలి వెలుతురులో అవి మెరుస్తూ కనిపిస్తాయి. నీ నాడి పట్టుకుని చూడు, నాడి కొట్టుకున్నప్పుడల్లా అవి కాస్త వేగం అందుకుంటాయి. చూపు ఆపితే ఫ్లోటర్ నెమ్మదిగా జారుతుంది, ఇవి మాత్రం వాటి దారిన అవి పోతూనే ఉంటాయి. మీ సైన్సు టీచర్‌కి చెప్పు.

ప్రశ్న: బ్యాంకులో పనిచేస్తాను, 38 ఏళ్లు. అయిదేళ్లుగా రెండు కళ్లలోనూ ఉన్నాయి. కారు నడపటం మానేశాను. కన్ను మొత్తం మార్చలేం గానీ లెన్సు మారుస్తున్నాం, రెటీనా అతికిస్తున్నాం, ఇంత చిన్న పోగుకి మందు ఎందుకు లేదు? అసలు ఎవరికైనా పట్టిందా? ఆపరేషన్ చేయించుకుంటానంటే ఇద్దరు డాక్టర్లు చేయనన్నారు.
— గాంధీనగర్, విజయవాడ

జవాబు: మీ ప్రశ్న పట్టుకుని నేను రెండు రాత్రులు కూర్చున్నాను.

ఈ బాధ కొత్తది కాదు. పాతకాలపు వైద్యులు లాటిన్‌లో దీన్ని మస్కే వాలిటాంటెస్ అన్నారు, ఎగిరే ఈగలు అని. మనవాళ్లు దోమలంటారు. 2013లో అచ్చయిన ఒక సర్వేలో ఫోన్ యాప్ ద్వారా 603 మందిని అడిగితే 76 శాతం మంది తమకి కనిపిస్తాయన్నారు. అందులో చాలామందికి పట్టింపు ఉండదు. ఉన్నవాళ్లకి ఎంత ఉంటుందో సింగపూర్ డాక్టర్లు 2011లో అచ్చేశారు: ఈ మచ్చలు పోతాయంటే మిగిలిన ఆయుష్షులో ఎంత వదులుకుంటారని అడిగితే, ప్రతి పదేళ్లకీ సగటున 1.1 ఏడాది ఇచ్చేస్తామన్నారట. అది చదివాక "చిన్న సమస్య" అనే మాట నా నోటికి రావటం లేదు.

ఉన్న మార్గాల్లో గట్టిది విట్రెక్టమీ, జెల్లీని తీసేసి సెలైన్ లాంటి ద్రవం నింపటం. 1970లో మయామీలో రాబర్ట్ మాకెమర్ మొదలెట్టాడు. అప్పుడు పెద్ద కోత, కుట్లు. ఇప్పుడు అర మిల్లీమీటరు రంధ్రాలు మూడు, చాలావరకు కుట్టు కూడా ఉండదు. ఫ్లోటర్స్ చాలామందికి పోతాయి, చేయించుకున్నవాళ్లలో ఎక్కువమంది సంతోషపడతారు. మరి మీకెందుకు వద్దన్నారు? ఈ ఆపరేషన్ అయ్యాక శుక్లం తొందరగా వస్తుంది, యాభై దాటినవాళ్లకి ఇంచుమించు తప్పదు. మీ వయసులో లెన్సు మార్చాల్సివస్తే దగ్గర చూపు సర్దుకునే శక్తి పోతుంది. రెటీనా చిరగటం, ఊడటం ఉన్నాయి. అరుదుగా ఇన్‌ఫెక్షన్ వచ్చి కన్నే పోవచ్చు. అక్షరాలన్నీ చదివే కన్ను మీద కత్తి పెట్టాలంటే ఏ డాక్టరుకైనా చెయ్యి వెనక్కి పోతుంది, నాకూ అంతే. నాకు నచ్చనిదల్లా, ఆ ఇద్దరూ ఎందుకు చేయరో మీకు కూర్చోబెట్టి చెప్పకపోవటమే. అయిదేళ్లుగా తగ్గకుండా, డ్రైవింగే మానేసేంత ఉంటే మీరు ఆపరేషన్ గురించి గట్టిగా మాట్లాడటానికి అర్హులే. కాంట్రాస్ట్ పరీక్ష చేయించమనండి, స్కాన్‌లో జెల్లీ ఎంత గడ్డకట్టిందో చూడమనండి, జెల్లీ ఊడిందో లేదో అడగండి, ఎందుకంటే ఊడకముందే చేస్తే చిరుగు రిస్కు ఎక్కువ. ఇవన్నీ చూశాక కూడా వద్దంటే అప్పుడది సలహా.

మందు ఎందుకు రాలేదంటారా, జెల్లీలో రక్తనాళాలు లేవు, మింగిన మాత్ర అక్కడికి చేరటమే కష్టం. ఇంజెక్షన్‌తో జెల్లీని వదులు చేద్దామని ఒక మందు తెచ్చారు, ఆక్రిప్లాస్మిన్, 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది, అదైనా ఫ్లోటర్స్ కోసం కాదు, జెల్లీ రెటీనా మధ్యభాగాన్ని పట్టుకుని లాగే జబ్బు కోసం. అది వేయించుకున్నవాళ్లు ఎక్కువగా చెప్పిన ఇబ్బంది కొత్త ఫ్లోటర్సే. తర్వాత అక్కడ దాని అమ్మకం ఆపేశారు. నాకు ఆశ కలిగించినది బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం పని. 2019లో వాళ్లు హైలురానిక్ ఆసిడ్ పూత వేసిన బంగారు నానో రేణువులని, ఆపరేషన్‌లో తీసిన మనుషుల ఫ్లోటర్స్‌కి అంటించి, చాలా తక్కువ శక్తి లేజర్ కొట్టారు. రేణువు చుట్టూ సూక్ష్మమైన ఆవిరి బుడగ పుట్టి పేలి, పోగుని తుంచేసింది. గాజు పాత్రలో జరిగిన పని అది, మనిషి కంట్లోకి రావటానికి చాలా దూరం ఉంది. కానీ దారి అటువైపే ఉందని నా నమ్మకం, మొత్తం జెల్లీని తీసేయకుండా ఆ ఒక్క పోగునే పట్టుకునే దారి.

అది రావాలంటే ముందు బాధ లెక్కకి రావాలి. మేం కేసు షీటులో 6/6, నార్మల్ అని రాసి పంపిస్తే మీరు ఏ లెక్కలోనూ ఉండరు. లెక్కలో లేని జబ్బుకి పరిశోధన డబ్బు ఎవరిస్తారు? అందుకే మా డాక్టర్లని చేతులెత్తి అడుగుతున్నాను, కాంట్రాస్ట్ చార్టు పెట్టండి, పేషంటు వృత్తి రాయండి, ఆరు నెలల తర్వాత తగ్గిందా లేదా అడిగి అదీ రాయండి. వేల మంది రెటీనా పేషంట్లు వచ్చిపోయే ఊళ్లు మనవి. ఒక ఏడాది ఓపిగ్గా రాస్తే, మనవాళ్లకి ఈ బాధ ఎంతుందో చెప్పే లెక్క మన దగ్గరే తయారవుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. కళ్ల ముందు ఏవో తిరుగుతున్నాయి, చదవలేకపోతున్నాను అంటాడు. కళ్ల డాక్టరు ఏమీ లేదన్నారు. చదువు తప్పించుకోవటానికి నటిస్తున్నాడేమోనని అనుమానం. ఎలా తెలుసుకోవాలి?
— ఒక తండ్రి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: నటించటం లేదండీ. నా దగ్గరికి వచ్చేవాళ్లకి నేనొక తెల్ల కాగితం, పెన్సిల్ ఇచ్చి మీకు కనిపించేది గీయండి అంటాను. పోయిన వారం ఒక అమ్మాయి పది నిమిషాలు కూర్చుని, రెండు పోగులు, ఒక ముడి, దాని పక్కన నీళ్లలో నూనె చుక్క లాంటి వలయం గీసింది. గీసి కాగితం నా వైపు తిప్పి, "మొదటిసారి ఎవరో అడిగారు" అని ఏడ్చింది.

ఈ రాత్రి భోజనాలయ్యాక మీ అబ్బాయికి ఒక కాగితం ఇచ్చి గీయమనండి. పక్కన కూర్చుని చూడండి, ఏమీ అనకండి. తారీఖు వేసి దాచండి. ఆ కాగితం పట్టుకుని ఈసారి రెటీనా డాక్టర్ దగ్గరికి మీరు కూడా వెళ్లండి. చుక్కల మందు వేస్తారు, నాలుగైదు గంటలు చూపు మసగ్గా ఉంటుంది. వచ్చేటప్పుడు బండి మీరే నడపాలి.